ఇంట్లో చదివే పాపకు ఉచిత తెలుగు పుస్తకాలు ఎక్కడ?

పర్లాకిమిడి అమ్మ: మా పాపకు తొమ్మిదేళ్లు, ఇంట్లోనే చదివిస్తున్నాం. ఇక్కడ కొట్లో తెలుగు పుస్తకం అడిగితే పంచాంగం చేతిలో పెడుతున్నారు! హక్కుల గొడవ లేకుండా ప్రింటు తీసుకోగలిగినవి ఎక్కడ దొరుకుతాయి?

రాయగడ మాస్టారు: తెలుగు వికీసోర్స్ అని ఉచిత పుస్తకాల సైటు ఉంది, చూడండమ్మా. మన దేశంలో రచయిత మరణించాక, మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. అంటే 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి, మీ ఊళ్లోనే పాఠాలు చెప్పి 1940లో పోయిన గిడుగు బతికుండగా అచ్చయినవన్నీ ఇప్పుడు అందరివీ. కొత్త ముద్రణల్లోని బొమ్మలు, ముందుమాటలు మాత్రం ముట్టుకోకండి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగానే దిగుతాయి గానీ వాటి హక్కులు ఆ సంస్థవే; చదివించండి, అచ్చు వేసి పంచకండి.

బరంపురం నుంచి: కందుకూరి గద్యం ఆ వయసుకు ఇనుప గుగ్గిళ్లే. గురజాడ గేయాలు ముందు పాడించండి. కష్టమైన మాటలకు బ్రౌన్ నిఘంటువు ఉంది, చికాగో విశ్వవిద్యాలయం సైటులో వెతుక్కోవచ్చు. అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి, మీరు పక్కన కూర్చోవాలి.

పర్లాకిమిడి అమ్మ: కూర్చుంటాను. గేయాలు ఈ రాత్రికే ప్రింటు తీస్తాను, కరెంటు ఉంటే.