వెనుక సీట్లో అమ్మ బెల్టు పెట్టుకోనందుకు నాకు వెయ్యి రూపాయల చలానా: ఇది న్యాయమేనా?

ప్రశ్న: విశాఖ వాసి

గత ఆదివారం సత్యనారాయణ వ్రతం చేయించుకోవడానికి అమ్మనూ పిన్నినీ వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని విశాఖపట్నం నుంచి అన్నవరం బయలుదేరాను. నేనూ, నా పక్కన కూర్చున్న బాబాయి గారూ బెల్టులు పెట్టుకునే ఉన్నాము. దారిలో ఒకచోట తనిఖీ చేస్తూ మా కారు ఆపి, వెనుక కూర్చున్నవారు బెల్టులు పెట్టుకోలేదని నా పేర వెయ్యి రూపాయల చలానా రాశారు. ఆ ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు కాబట్టి ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. నా అభ్యంతరమంతా ఆ నిబంధన మీదనే.

బెల్టు పెట్టుకోనిది అమ్మ, జరిమానా పడింది నాకు. అరవై ఎనిమిదేళ్ల తల్లిని బెల్టు పెట్టుకోమని ఒకసారి చెప్పగలను, రెండుసార్లు చెప్పగలను, అంతకు మించి ఏ కొడుకైనా ఏమి చేయగలడు? మమ్మల్ని ఆపిన సమయంలోనే, మెట్ల మీద దాకా జనం నిలబడి ఉన్న బస్సు మా పక్కనుంచే వెళ్లిపోయింది. వారికి వర్తించని భద్రత మాకు మాత్రమే ఎందుకు వర్తించాలి? పైగా బెల్టు పెట్టుకోకపోతే దెబ్బ తగిలేది పెట్టుకోని మనిషికే కదా, ఇతరులకు ఏ హానీ చేయని పనికి శిక్ష వేయడం ఎంతవరకు సమంజసం?

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. కారు కొన్న వారంలోనే సీటు కవర్లు వేయించాము. వెనుక బెల్టుల బకిల్స్ ఆ కవర్ల కింద పడిపోయాయి. ఈ ఆరేళ్లలో వాటిని పైకి తీయాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. చలానా కట్టేయాలా, కోర్టుకు వెళ్లాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు: న్యాయవాది, రాజమహేంద్రవరం

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 194బి సెక్షన్ వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉంది. బెల్టు పెట్టుకోకుండా వాహనం నడిపినవారికే కాక, బెల్టు పెట్టుకోని ప్రయాణికులను ఎక్కించుకుని నడిపినవారికి కూడా వెయ్యి రూపాయల జరిమానా అని ఆ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది. అంటే మీ మీద చలానా రాసింది అమ్మగారి తప్పుకు కాదు, ఆమె బెల్టు పెట్టుకోకుండానే బండి కదిలించిన మీ నిర్ణయానికి. వెనుక సీటు సంగతి కూడా కొత్తది కాదు. ముందువైపు చూస్తూ కూర్చునే వెనుక సీట్లలోని వారు సైతం బెల్టు ధరించాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 138వ నియమం చెబుతున్నది. 2019కి ముందు దీనికి జరిమానా వంద రూపాయలే కావడం వల్ల, దాన్ని గట్టిగా అడిగినవారు కూడా తక్కువ కావడం వల్ల, వెనుక సీటుకు బెల్టు అక్కరలేదన్న నమ్మకం మనలో పాతుకుపోయింది.

బస్సుల గురించి మీరు అడిగినది సరైన ప్రశ్నే. నిలబడి ప్రయాణించడానికి అనుమతి ఉన్న రవాణా వాహనాలకు ఈ సెక్షన్ నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. ఊరిలో నెమ్మదిగా తిరిగే బస్సు వరకు ఆ మినహాయింపును నేను అర్థం చేసుకోగలను గాని, జాతీయ రహదారి మీద వేగంగా పోయే బస్సులో జనాన్ని నిలబెట్టి తీసుకుపోవడాన్ని సమర్థించలేను. అయితే ఆ లోపాన్ని సరిదిద్దమని అడగాలి గాని, అది ఉన్నందువల్ల మన కారులో కూడా బెల్టు అవసరం లేదని వాదించడం నిలవదు.

చలానా కట్టడమంటే నేరాన్ని రాజీ చేసుకోవడం, దానితో వ్యవహారం ముగుస్తుంది. కోర్టుకు వెళ్లాలనుకుంటే మాత్రం కట్టకుండా ఉండాలి. కాని బెల్టులు పెట్టుకోలేదని మీరే ఒప్పుకుంటున్నప్పుడు అక్కడ మీరు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

జవాబు: అత్యవసర విభాగం నర్సు

దెబ్బ తగిలేది పెట్టుకోని మనిషికే అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పదహారేళ్లుగా ప్రమాదాల కేసులు చూస్తున్న అనుభవంతో చెబుతున్నాను, అది నిజం కాదండీ.

గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికైనా గుద్దుకుని ఆగిపోతే, లోపలి మనిషి ఆగడు. అదే వేగంతో ముందుకు పోతాడు. ఆ వేగం సుమారు పద్నాలుగు మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ డాబా మీదనుంచి, పడిన మనిషి నేలను తాకే వేగంతో సమానం. మీ అమ్మగారు సరిగ్గా మీ వెనుక కూర్చుని ఉంటే ఆమె వచ్చి తగిలేది మీ సీటుకే. బెల్టు పెట్టుకుని, గాలిసంచి కూడా తెరుచుకుని, ఏ గాయమూ లేకుండా బయటపడవలసిన డ్రైవరు, వెనుకనుంచి వచ్చి పడిన సొంత మనుషుల బరువుకు ఛాతీ నలిగి మా దగ్గరకు రావడం నేను చూశాను. అప్పుడు పక్క మంచం మీద ఉన్న తల్లికి ఏమి జరిగిందో చెప్పడానికి మాకు నోరు రాలేదు.

2022లో దేశంలో సీటు బెల్టు పెట్టుకోకపోవడం వల్ల 16,715 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక లెక్క చెప్పింది. వారిలో డ్రైవర్లు 8,384 మంది, ప్రయాణికులు 8,331 మంది. దాదాపు సగానికి సగం. అదే ఏడాది సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న ఖరీదైన కారు వంతెన గోడకు గుద్దుకున్నప్పుడు, ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ గాయాలతో బతికారు, వెనుక కూర్చున్న ఇద్దరూ చనిపోయారు. వెనుకనున్న వారు బెల్టులు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

ఇక పెద్దవాళ్లు బెల్టు ఎందుకు వద్దంటారో కూడా ఆలోచించాలి. పొట్టిగా ఉన్నవారికి భుజం పట్టీ మెడకు ఒరుసుకుంటుంది, పట్టుచీర కట్టుకుంటే జారుతుంది, ఊపిరాడనట్టు అనిపిస్తుంది. వారిని కసరకుండా మీరే పక్కన నిలబడి సర్దండి. కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఆనాలి, పై పట్టీ మెడకు దూరంగా భుజం మధ్యనుంచి రావాలి. గర్భిణులకు కూడా ఇంతే: కింది పట్టీ కడుపుకు దిగువన ఉండాలి. కడుపులో బిడ్డకు ఇబ్బంది అని బెల్టు మానేయడం తల్లికీ బిడ్డకూ ప్రమాదమే.

జవాబు: నల్ల చొక్కా

బెల్టు అవసరమన్నదాన్ని నేను కాదనను. కాని పెట్టుకున్నవారికి కూడా చలానా వస్తే దాన్ని న్యాయమని ఎలా అంటాము? నిరుడు కెమెరా తీసిన ఫోటోతో నాకు చలానా వచ్చింది. ఆ రోజు నేను నల్ల చొక్కా వేసుకున్నాను, బెల్టు కూడా నలుపే, అద్దం మీద ఎండ పడి ఆ ఫోటోలో నా భుజమే సరిగా కనిపించలేదు. తప్పు స్పష్టంగా కనిపించే ఫోటోను, తేదీనీ సమయాన్నీ స్థలాన్నీ చలానాకు జతచేయాలని 2021లో చేర్చిన 167ఏ నియమం చెబుతున్నది. ఆ మాటనే రాసి, ఫోటోను పెద్దది చేసి భుజం దగ్గర పట్టీ అంచు ఎక్కడ కనిపిస్తున్నదో గీత గీసి పంపితే, చాలా రోజులకు రద్దు చేశారు. అంతవరకు నేను తప్పు చేయలేదని రుజువు చేసుకోవలసిన భారం నా మీదనే ఉన్నది, అది నన్ను బాధించింది. మీ విషయంలో మనిషి ఆపి, కళ్లారా చూసి రాశారు కనుక ఈ అనుమానానికి తావు లేదు.

జవాబు: లండన్ నుంచి

ఇక్కడ 1983 జనవరి చివరి నుంచి ముందు సీట్లకు, 1991 నుంచి వెనుక కూర్చున్న పెద్దవారికి బెల్టు తప్పనిసరి అయింది. పద్నాలుగేళ్లు నిండినవారు పెట్టుకోకపోతే జరిమానా వారికే, కోర్టుకు వెళితే అది ఐదు వందల పౌండ్ల వరకు ఉండవచ్చు. అంతకంటే చిన్నవారి బాధ్యత మాత్రం డ్రైవరుది. మన చట్టంలో కూడా పెద్దవారి వరకు ఈ విభజన ఉంటే బాగుంటుందని, ముఖ్యంగా అద్దె కారు నడుపుకునే డ్రైవర్లకు మేలని నా అభిప్రాయం. ప్రయాణికుడు వినకపోతే ఆ డ్రైవరు దిగిపొమ్మనలేడు, ఆ రోజు సంపాదనలోనుంచి వెయ్యి రూపాయలు కట్టనూ లేడు.

ప్రశ్న అడిగినవారి జవాబు: విశాఖ వాసి

అందరికీ కృతజ్ఞతలు. అద్దె కారు డ్రైవరు విషయంలో లండన్ నుంచి రాసినవారితో ఏకీభవిస్తున్నాను, ఆ భాగాన్ని ప్రభుత్వం మార్చాలి. నా సంగతి వేరు. బండి నాది, తాళం నా చేతిలో ఉన్నది, బకిల్స్ కవర్ల కింద ఉన్నాయని తెలిసి కూడా బయలుదేరింది నేను. నర్సు గారు రాసినది అమ్మకు చదివి వినిపించాను. ఆమె తన ప్రాణం గురించి ఏమీ అనలేదు గాని, "నేను నీ వీపు మీద పడతానా?" అని రెండుసార్లు అడిగింది.

చలానా ఈ రోజు కట్టాను. నిన్న సాయంత్రం కవర్లు వేసే దుకాణానికి వెళ్లి, వెనుక మూడు చోట్లా కవరు కోయించి బకిల్స్ పైకి తీయించాను. ఒకటి దుమ్ము పట్టి బిగుసుకుపోయి ఉంది, దాన్ని మార్పించేదాకా ఆ సీట్లో ఎవరినీ కూర్చోబెట్టను.