డౌలా తోడు స్తోమత లేని తల్లులకు అందేదెలా? (చర్చ)

ఉషోదయం (ప్రశ్న)
డబ్బు పెట్టుకోలేని గర్భిణులకు కాన్పు సమయంలో డౌలా (వైద్యం చేయకుండా, తల్లి పక్కనే ఉండి ధైర్యం చెప్పే సహాయకురాలు) తోడును ఏర్పాటు చేయాలని మేము ఏడుగురం అనుకుంటున్నాము. మూడు సందేహాలున్నాయి. డౌలాలకు ప్రతిఫలం ఎవరు ఇవ్వాలి? ఎంత శిక్షణ చాలు? ఆసుపత్రి సిబ్బంది భాష రాని తల్లుల విషయంలో ఏం చేయాలి?

తొలిచూలు
డబ్బు సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ గదిలోకి మనిషిని రానివ్వాలి కదా! నా తొలి కాన్పులో పద్నాలుగు గంటలు నొప్పులు పడితే, మా అమ్మ అంతసేపూ తలుపు అవతలే నిలబడింది. ఒకే గదిలో నాలుగు మంచాలున్నాయనీ, మధ్య తెరలు లేవు కనుక ఒకరి మనిషి వస్తే మిగిలినవారికి మరుగుండదనీ చెప్పారు. ప్రసవం పొడవునా తల్లి కోరుకున్న మనిషి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే సిఫారసు చేసింది. నాలుగు గుడ్డ తెరలు లేక ఆ సిఫారసు నా మంచం దాకా రాలేదు.

రాత్రి డ్యూటీ
తెరలు కడితే అంతా సర్దుకుంటుందన్నట్లు రాశారు. మా వార్డులో రాత్రిపూట తొమ్మిది మంది తల్లులకు ఇద్దరం నర్సులం. తెర వేస్తే, అవతలి మంచం మీద రక్తస్రావం మొదలైన తల్లి నా కంటికి ఆనదు. పైగా డౌలానని చెప్పుకుంటూ వచ్చిన ఒకామె, నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ వద్దనమని తల్లి చెవిలో చెప్పి వెళ్ళింది. ఆ తరువాత మాటలు పడినది నేను.

అనుభవశాలి
అలా చెప్పిన ఆమె డౌలా కాదండీ. పదకొండేళ్ళలో మూడు వందలకు పైగా కాన్పులలో తోడున్న మనిషిగా చెబుతున్నాను: లోపలి పరీక్ష చేయడం, మందు కావాలో వద్దో తేల్చడం డౌలా పని కాదు. నడుము నొక్కడం, భంగిమ మార్పించడం, డాక్టరు చెప్పినది తల్లికి అర్థమయిందో లేదో కనుక్కోవడం, ఆమెను ఒంటరిగా వదలకపోవడం మా పని. వైద్య పరిశోధనలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2017 సమీక్షలో 17 దేశాలలోని 15 వేల మందికి పైగా తల్లుల వివరాలున్నాయి. నిరంతర తోడు ఉన్నవారిలో సిజేరియన్లు తగ్గాయి. అయితే ఆ తోడు హద్దు దాటకుండా ఉండాలంటే, శిక్షణ ధ్రువపత్రం లేనివారిని గదిలోకి రానివ్వకూడదు.

లెక్కల మాస్టారు
ఆ ఆధారాల నాణ్యత తక్కువేనని సమీక్ష రాసినవారే ఒప్పుకున్నారు, ఆ వాక్యం కూడా చదవండి. తోడు వల్ల హాని మాత్రం కనబడలేదన్నారు. ఇక ధ్రువపత్రం సంగతి. 1980లో వెలువడిన గ్వాటెమాలా అధ్యయనంలో తల్లుల పక్కన కూర్చున్నవారు ఏ శిక్షణా లేని మామూలు స్త్రీలు. చిక్కులు లేని కాన్పులలో ఆసుపత్రిలో చేరినప్పటి నుండి బిడ్డ పుట్టేదాకా పట్టిన సగటు సమయం 19 గంటల పైనుండి 9 గంటల లోపుకు తగ్గింది. అయితే లెక్కించినది తోడు ఉన్న గుంపులో, లేని గుంపులో 20 మంది చొప్పునే.

అనుభవశాలి
లెక్కలు చూసినవారు కాన్పు చూశారా?

లెక్కల మాస్టారు
మీరు చూపిన అంకెనే నేను పూర్తిగా చదివాను. అందుకు కోపమెందుకు?

రాత్రి డ్యూటీ
ధ్రువపత్రం నాకు అక్కరలేదు. వచ్చిన మనిషి మా సిబ్బందికి ముందే పరిచయమై ఉంటే చాలు.

మానేసిన డౌలా
అసలు ప్రశ్న డబ్బు గురించి. నేను రెండేళ్ళు ఉచితంగా చేశాను. ఒక కాన్పుకు ఇరవై రెండు గంటలు కూర్చుని మరునాటి కూలి పోగొట్టుకున్నాక, బిడ్డ పుట్టిన సంతోషం ఎంత ఉన్నా ఇంటి అద్దె కట్టలేకపోయాను. ఉచిత సేవ అంటే, తీరికా సంపాదనా ఉన్న ఇళ్ళ స్త్రీలే డౌలాలు కావడం. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రం పేదల బీమాలో డౌలాను చేర్చినప్పుడు కాన్పుకు 75 డాలర్లే ఇచ్చింది, 2017లో 350కి పెంచింది. బీమాలో పేరు చేర్చినంత మాత్రాన ఆ ధరకు మనుషులు ఎలా దొరుకుతారు?

నిద్రలేని అమ్మ
కాన్పు అయ్యాక ఎవరూ రారా? నాకు పద్దెనిమిదవ రోజున బిడ్డను చూస్తేనే ఏడుపు వచ్చేది. డౌలా మూడవ రోజునే వెళ్ళిపోయింది.

తొలిచూలు
రాత్రి డ్యూటీ గారూ, అవసరమైనప్పుడు లాగేసే తెరలు కూడా ఉంటాయి కదా. గోడ కట్టమనలేదు నేను.

రాత్రి డ్యూటీ
లాగడానికైనా మూడో చేయి కావాలమ్మా. ఆ మూడో చేయి తోడుగా వచ్చిన మనిషిదైతే, అప్పుడు ఒప్పుకుంటాను.

ఉషోదయం
నిద్రలేని అమ్మ గారూ, కాన్పు తరువాతి ఆరు వారాలను కూడా చేరుస్తాము. భాష సంగతి ఎవరూ చెప్పలేదు.

పరభాష
నేను చెబుతాను. పట్టు వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టమన్నారో వదలమన్నారో తెలియక గంటసేపు తప్పుగా చేశాను. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అది సిజేరియన్‌కు అనుమతి అని మరునాడు తెలిసింది. నాకు నడుము నొక్కేవారు లేకపోయినా ఫరవాలేదు, ఆ కాగితం చదివి చెప్పే మనిషి కావలసింది. మీ ఏడుగురిలో ఎన్ని భాషలు వచ్చినవారున్నారో ముందు అది లెక్కవేయండి.