నంబర్ల పెయింటింగ్: లేత రంగుల కింద అంకెలు కనిపించకుండా ఏం చేయాలి?

అమ్మ కోసం అడుగుతున్నాను. రిటైరయ్యాక కాలక్షేపానికని నంబర్ల ప్రకారం రంగులు నింపే కిట్ తెప్పించాను. "నాకు బొమ్మలు వేయడం రాదు" అని జీవితమంతా అన్న మనిషి, ఇప్పుడు మధ్యాహ్నం సీరియల్ కూడా మానేసి దాని ముందే కూర్చుంటోంది. డావిన్చీ తన శిష్యులకు అంకెలు వేసి పని అప్పగించేవాడని విన్న గుర్తుతో, 1950ల మొదట్లో డెట్రాయిట్‌లో డాన్ రాబిన్స్ ఈ పద్ధతి తయారుచేశారట. ఆయనకు నిజంగా దణ్ణం పెట్టాలి.

సమస్య ఏమిటంటే, ఆకాశంలో లేత పసుపు, మీగడ రంగు ఉన్నచోట ఎన్ని పూతలు వేసినా కింద అంకె కనిపిస్తూనే ఉంది. ముందు తెల్ల అక్రిలిక్ రంగు పల్చగా వేసి, దానిమీద అసలు రంగు వేస్తే సరిపోతుందా? ఆ భాగం గరుకుగా, ఎత్తుగా కనబడదు కదా?

ఇంకోటి, మా విజయవాడ ఎండలకు చిన్న డబ్బీల్లోని రంగు చిక్కబడుతోంది. చుక్క నీళ్లు కలిపితే చాలా, అక్రిలిక్ మీడియం (రంగును పల్చబరచడానికి కలిపే ద్రవం) కొనాలా? పూర్తిగా గట్టిపడితే ఆ రంగు విడిగా దొరుకుతుందా?

అరవై దాటినవాళ్లు చిన్న అంకెలు చదవడానికి లెన్స్ ఉన్న దీపం ఎవరైనా వాడుతుంటే అదీ చెప్పండి.