వంటల పోటీకి స్టార్ ప్లేయర్ వస్తున్నారు: స్పీచ్ ఎప్పుడు పెట్టాలి?

గరిటె తిప్పేవాడు
అందరికీ నమస్కారం. మా ట్రస్టు తరఫున విరాళాల కోసం వంటల పోటీ పెడుతున్నాం. 12 టీములు, ముగ్గురు జడ్జీలు, 300 మంది దాకా జనం వస్తారని అంచనా. ఇంకా ఆడుతున్న అథ్లెట్ ఒకాయన ముఖ్య అతిథిగా రావడానికి ఒప్పుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. ఆయన్ని ఎప్పుడు మాట్లాడించాలన్న దగ్గర కమిటీలో రోజూ గొడవే. మొదట్లోనే మాట్లాడించేద్దామని ఒకరంటే, బహుమతుల ముందు పెడితే జనం చివరిదాకా కదలరని ఇంకొకరు. ఆయన్నే జడ్జిగా కూడా కూర్చోబెట్టాలని మా ప్రెసిడెంట్ గారి కోరిక. ఇలాంటివి చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. సలహాలకన్నా, మీరు ఎక్కడ దెబ్బతిన్నారో అది చెబితే ఎక్కువ ఉపయోగం.

పొయ్యి పక్కన
నేను మైకు వైపు మనిషిని కాను, పొయ్యి వైపు మనిషిని. ఇలాంటి పోటీలో ఒకసారి వండాను. ప్లేట్లు సర్ది జడ్జీల బల్ల మీద పెట్టానో లేదో, "ఇప్పుడు మన ముఖ్య అతిథి రెండు మాటలు మాట్లాడతారు" అన్నారు. ఆ రెండు మాటలకు 35 నిమిషాలు పట్టింది.

ఆయన బాగా మాట్లాడలేదని కాదు. మోకాలి ఆపరేషన్ తర్వాత గోడ పట్టుకుని మొదటి అడుగు వేసిన సంగతి చెబుతుంటే నాకూ కళ్లు చెమర్చాయి. కానీ ఒక కన్ను నా ప్లేటు మీదే ఉంది. సాస్ మీద పొర కట్టడం, ఆ పొర అంచుల దగ్గర ముడుచుకోవడం, కరకరలాడాలని పైన నిలబెట్టిన పల్చటి ముక్క మెల్లగా వంగి సాస్‌లోకి వాలిపోవడం, అన్నీ నిలబడి చూశాను. జడ్జి చెంచా పెడితే పొర మొత్తం చెంచాతోపాటు లేచొచ్చింది. మార్కుల షీట్‌లో "క్రిస్ప్‌గా లేదు" అని రాశారు. 35 నిమిషాలు ఆగాక ఉంటుందా మరి?

కాబట్టి నా ఓటు వంట సగంలో. అన్నీ పొయ్యి మీద ఉడుకుతుంటాయి, జనానికి చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. అప్పుడు మాట్లాడించండి. ప్లేటు బయటికొచ్చాక మాత్రం దేవుడొచ్చినా మైకు ఇవ్వొద్దు.

ఎక్స్‌ట్రా ప్లేట్
ఇందులో రుచి ఒక్కటే కాదు, ఆరోగ్యం సంగతి కూడా ఉంది. వండిన పదార్థాన్ని 60 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగా ఉంచాలని, మామూలు గది వేడిలో 2 గంటలకు మించి వదలొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. జడ్జీల ప్లేట్లు సరే, 300 మందికి పెట్టే శాంపిల్ ట్రేల మాటేమిటి? స్పీచ్, ఆ తర్వాత శాలువాలు, ఆ తర్వాత ఫొటోలు. ఇలా ఒక్కొక్కటీ సాగితే ఆ 2 గంటలు తెలియకుండానే అయిపోతాయి. మేం ప్రతి ట్రే పక్కనా బయటికి తీసిన టైమ్ మార్కర్‌తో రాసి పెట్టాం. ఆ చీటీలు చూసి యాంకరే స్పీడు పెంచాడు.

మైకు టెస్టింగ్
యాంకరింగ్ చేస్తుంటాను కాబట్టి ఇది నా ఏరియా. పొయ్యి పక్కన గారూ, వంట సగంలో పెట్టమన్నారు, సంతోషం. మరి ఆ మోత? నేను చేసిన మొదటి ప్రోగ్రాంలో సరిగ్గా అలాగే పెట్టాం. అతిథి తన గొంతు తగ్గించి, అసలు మాట చెప్పబోయే క్షణంలో మూడు టీములు ఒకేసారి మిక్సీలు ఆన్ చేశాయి. జనం నవ్వారు. ఆ మాట పోయింది. రెండోసారి చెబితే అంత బరువు రాదు కదా.

ఆ తర్వాత నుంచి రూల్స్ షీట్‌లోనే రాయిస్తున్నాను: "గంట కొట్టాక 10 నిమిషాలు మోత చేసే పరికరాలు వాడకూడదు, ఆ 10 నిమిషాలు పోటీ సమయంలో కలపబడదు." టీములకు ముందే తెలిస్తే ఎవరూ గొణగరు.

ఇంకో సంగతి. స్పీచ్ అనే మాటే తీసేయండి. రెండు కుర్చీలు వేసి, మూడు ప్రశ్నలు అడగండి. ఆటగాళ్లలో చాలామందికి మ్యాచ్ అయ్యాక ప్రశ్నలకు జవాబు చెప్పడం అలవాటు, కాగితం చూసి ఉపన్యాసం ఇవ్వడం కాదు. కాగితం ఇస్తే "క్రమశిక్షణ, పట్టుదల, అంకితభావం" మొదలవుతుంది. ఆ మూడు మాటలు విన్న జనం ఫోన్లు బయటికి తీస్తారు. అదే "ఆకలితో ప్రాక్టీస్‌కి వెళ్లిన రోజు ఉందా?" అని అడిగి చూడండి. ఆయన ఒక్క క్షణం ఆగుతారు. హాలు కూడా ఆగుతుంది.

ఆ నిశ్శబ్దం ఉండగానే విరాళం అడగాలి. అదీ అతిథి చేత కాదు. ట్రస్టు మనిషి ఎవరో లేచి, ఈ డబ్బు దేనికో ఒక్క వాక్యంలో చెప్పి, చేతులెత్తమనాలి. మధ్యలో డాన్సు ప్రోగ్రాం పెట్టారో, అంతే సంగతులు.

కిట్ బ్యాగ్
జడ్జిగా కూర్చోబెట్టడం గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను ఒక అథ్లెట్ టీమ్‌లో ఫిజియోగా పనిచేశాను. ఇంకా పోటీల్లో ఉన్న మనిషిని 12 తెలియని ప్లేట్ల ముందు కూర్చోబెట్టి "తినండి సార్, తినండి" అంటే లోపల ఆయనకు ఎంత టెన్షనో బయటివాళ్లకు తెలియదు.

డోపింగ్ రూల్స్‌లో ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే. ఎలా వచ్చిందన్నది తర్వాతి మాట. సైక్లింగ్‌లో అల్బెర్టో కాంటడోర్ 2010 టూర్ డి ఫ్రాన్స్‌లో క్లెన్‌బ్యూటరాల్ అనే నిషేధిత మందుతో దొరికి, తాను తిన్న మాంసం వల్లే అన్నాడు. 2012లో తీర్పు వచ్చింది: రెండేళ్ల నిషేధం, టైటిల్ కూడా పోయింది. గసగసాల్లో కూడా మార్ఫిన్ ఆనవాళ్లు ఉండొచ్చు, పోటీ సమయంలో మార్ఫిన్ నిషేధం. అలాంటప్పుడు రేపు పోటీ పెట్టుకుని ఎవరో తెలియని మనిషి చేసిన పేస్టు ఎవరు నాకుతారు చెప్పండి?

బరువు కేటగిరీ ఆటలైతే ఇంకా కష్టం. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల ఫైనల్ ముందు 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైన సంగతి అందరికీ గుర్తే. రెజ్లర్నో బాక్సర్నో పిలిచేటప్పుడు ముందు వాళ్ల పోటీల క్యాలెండర్ అడగండి. బరువు తగ్గించుకుంటున్న మనిషిని వంటల వాసన మధ్య మూడు గంటలు కూర్చోబెట్టడం గౌరవం కాదు, శిక్ష.

ఇంకొకటి. పెద్ద స్థాయి ఆటగాళ్లు డోప్ టెస్టుల కోసం రోజుకో 60 నిమిషాలు తాము ఎక్కడుంటారో ముందే రాసివ్వాలి. 12 నెలల్లో మూడుసార్లు ఆ లెక్క తప్పితే అది కూడా డోపింగ్ నేరమే. "ఇంకో పది నిమిషాలు ఉండండి సార్" అని చెయ్యి పట్టుకుని ఆపే ముందు ఇది గుర్తుంచుకోండి. ఆయన వాచ్ చూసుకుంటే పొగరని అనుకోవద్దు.

రిటైరైన వాళ్లయితే ఈ గొడవలేవీ ఉండవు, హాయిగా తింటారు. కాస్త ఎక్కువే తింటారు కూడా.

మూడు అంకెలు
ఫుడ్ టేస్టింగ్ ల్యాబ్‌లో ఉద్యోగం. ఆయన తిన్నా తినకపోయినా జడ్జీలకు మాత్రం ఒక మాట చెప్పండి: రుచి చూసేటప్పుడు నోరు విప్పకూడదు. పేరున్న మనిషి "ఆహా" అంటే పక్క జడ్జి పెన్ను ఆటోమేటిక్‌గా పైకి వెళ్తుంది. నేను కళ్లారా చూశాను. 6 వేసి, కొట్టేసి, 8 చేశారు.

ప్లేట్లకు 1, 2, 3 అని నంబర్లు వేయొద్దు. ఒకటి అనగానే ఫస్ట్ అనిపిస్తుంది. మా ల్యాబ్‌లో 417, 862 లాంటి మూడంకెల కోడ్‌లు పెడతాం. మొదట రుచి చూసిన దానికి మార్కులు కాస్త ఎక్కువ పడే అలవాటు ఉంది, కాబట్టి ఒక్కో జడ్జికి వరస మార్చండి. మధ్యలో మంచినీళ్లు.

బ్యానర్ కట్టేవాడు
మంచినీళ్లు అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. ఆ సీసా ఏ కంపెనీదో చూసుకోండి! 2021 యూరో కప్‌లో రొనాల్డో ప్రెస్ మీట్‌లో కోకాకోలా సీసాలు పక్కకు జరిపి నీళ్ల సీసా ఎత్తి చూపించాడు కదా. మా ప్రోగ్రాంలో అంత డ్రామా లేదు గానీ, అతిథి మేనేజర్ వచ్చి "సార్ వేరే డ్రింక్ బ్రాండ్‌కి అంబాసిడర్, ఈ బ్యాక్‌డ్రాప్ ముందు ఫొటో కుదరదు" అన్నారు. ప్రోగ్రాం మొదలవడానికి 20 నిమిషాలుంది. నిచ్చెనెక్కి బ్యానర్ విప్పింది నేను. స్పాన్సర్ గారు కిందనుంచి చూస్తూ నిలబడ్డారు, ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. పిలిచే రోజే అడిగితే అయిపోయేది.

లెక్కల పుస్తకం
అందరూ స్పీచ్ టైమింగ్ గురించి మాట్లాడుతున్నారు. నాదో చేదు ప్రశ్న. అసలు పిలవడం అవసరమా? ఒక సంస్థకు లెక్కలు చూసిపెట్టాను. అతిథి ఫీజు అడగలేదు, నిజమే. కానీ విమానం, హోటల్, వెంట వచ్చిన నలుగురికీ అవే ఏర్పాట్లు, వీటితో వసూలైన దాంట్లో మూడో వంతు పోయింది. "ఉచితంగా వస్తున్నారు" అంటే ఏమేమి ఉచితమో కాగితం మీద రాయించుకోండి. విరాళం ఇచ్చినవాళ్లకు ఖర్చులు పోగా ఎంత మిగిలిందో చెప్పండి, వసూలైంది ఎంతో కాదు.

మైకు టెస్టింగ్
లెక్కల పుస్తకం గారూ, ఒప్పుకుంటాను, కానీ సగమే. సరైన మనిషి దొరికితే లెక్క మారిపోతుంది. 2020 జూన్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్కస్ రాష్‌ఫోర్డ్ రాసిన లేఖ గుర్తుందా? పేద పిల్లలకు వేసవి సెలవుల్లో భోజన వోచర్లు ఆపొద్దని బ్రిటన్ ఎంపీలకు రాశాడు. వాళ్లమ్మ ఫుల్ టైమ్ పనిచేసినా ఇంట్లో తిండికి చాలేది కాదని అందులోనే చెప్పుకున్నాడు. మర్నాడే ప్రభుత్వం నిర్ణయం మార్చుకుంది. మరుసటి ఏడాది షెఫ్ టామ్ కెరిడ్జ్‌తో కలిసి తక్కువ ఖర్చు వంటలు కూడా నేర్పించాడు. గోల్స్ గురించి మాట్లాడి ఉంటే ఇదంతా జరిగేదా? తనకు తెలిసిన ఆకలి గురించి మాట్లాడాడు. మీ అతిథికి మీ ట్రస్టు పనితో అలాంటి చుట్టరికం ఏదైనా ఉందా అన్నదే చూడాలి.

ఎక్స్‌ట్రా ప్లేట్
ఆటగాడిని ఒక్కడినే స్టేజీ మీద బొమ్మలా నిలబెట్టకుండా వంటవాళ్లతో జత కట్టించొచ్చు కూడా. అమెరికాలో సూపర్ బౌల్, అంటే అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్, జరిగే వారంలో పెట్టే టేస్ట్ ఆఫ్ ది ఎన్‌ఎఫ్‌ఎల్ అలాంటిదే. 1992లో మొదలైంది, చాలా ఏళ్లు ఒక్కో టీము ఊరి నుంచి ఒక షెఫ్, పక్కన ఆ టీము ఆటగాడు ఉండేవారు, వచ్చిన డబ్బు ఆకలి తీర్చే పనులకు. బల్ల దగ్గర నిలబడి ప్లేటు అందిస్తూ నాలుగు ముక్కలు మాట్లాడితే స్పీచ్ అక్కర్లేదు. ఆటగాళ్లకు వంటేం తెలుసులే అనుకోవద్దు. బ్రిటన్ టీవీ వంటల పోటీ సెలెబ్రిటీ మాస్టర్‌షెఫ్‌ను 2006లో రగ్బీ ఆటగాడు మ్యాట్ డాసన్, 2019లో లాంగ్ జంపర్ గ్రెగ్ రూథర్‌ఫర్డ్ గెలిచారు.

గరిటె తిప్పేవాడు
మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. ప్రోగ్రాం అయిపోయింది. జరిగింది చెబుతాను.

జడ్జి ఆలోచన మానేశాం. కిట్ బ్యాగ్ గారి పోస్టు ప్రింట్ తీసి ప్రెసిడెంట్ గారి చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "మరి ఆయన ఏం చేస్తారు?" అన్నారు. అతిథినే అడిగితే, "ప్లేట్లు నేను మోస్తాను" అన్నారు. అంతే, టీముల దగ్గర్నుంచి జడ్జీల బల్ల దాకా 12 ప్లేట్లూ ఆయనే మోశారు. చెప్పొద్దూ, ఏ స్పీచ్‌కీ రానన్ని చప్పట్లు దానికొచ్చాయి.

మాటలు వంట సగంలోనే, గంట కొట్టి, రెండు కుర్చీలు వేసి. మూడు ప్రశ్నల్లో మొదటి రెండూ మామూలుగా గడిచాయి. ఆకలి ప్రశ్నకు ఆయన కాసేపు మైకు వైరు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయారు. తర్వాత, జూనియర్‌గా ఉన్నప్పుడు క్యాంపులో ఇచ్చే బ్రెడ్డులో సగం సాక్సులో చుట్టి బ్యాగులో దాచుకునేవాడినని, ఇంట్లో తమ్ముడికని, ఒకసారి కోచ్ బ్యాగు దులిపితే అందరి ముందూ ముక్కలు రాలాయని చెప్పారు. ఆ కోచ్ ఏమీ అనలేదట. మర్నాటి నుంచి రెండు బ్రెడ్లు ఇప్పించాడట. మొత్తం తొమ్మిది నిమిషాలు. మా సెక్రటరీ గారు వెంటనే లేచి విరాళం అడిగారు. గొంతు వణికింది, అయినా అడిగేశారు. కిందటేడాది కంటే ఎక్కువే వచ్చింది, లెక్కల పుస్తకం గారి మాట ప్రకారం ఖర్చులు తీసేసిన అంకెనే బోర్డు మీద రాశాం.

పొయ్యి పక్కన గారూ, ప్లేట్లు వేడివేడిగా చేరాయి. ఈసారి తిప్పలు ఇంకో చోట వచ్చాయి. మాటలు అవగానే ఆయన టీముల మధ్య నుంచి నడిచి వెళ్లారు. సెల్ఫీల కోసం జనాన్ని ఆపడానికి మనుషుల్ని పెట్టాం గానీ, వంటవాళ్లను ఆపడానికి ఎవరినీ పెట్టలేదు. పొయ్యిలు వదిలేసి అందరూ ఆయన వెంటే. రెండు గిన్నెలు మాడాయి.

పొయ్యి పక్కన
అయ్యో! గిన్నెలు ఎవరు తోమారండీ?

గరిటె తిప్పేవాడు
నేనే. ఒకటి ఇంకా నానుతోంది.