సమానత్వం పాఠం చెప్పబోయి ఒక అమ్మాయిని అందరిలో ఇబ్బంది పెట్టాను. ఎలా సరిదిద్దుకోవాలి?

సోషల్ మేడం:

11 ఏళ్లుగా హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. పోయిన వారం తొమ్మిదో తరగతికి సమానత్వం, జాతి వివక్ష పాఠం. పుస్తకంలో ఉన్నది నాలుగు పేజీలే. చదివించి, ప్రశ్నలకు జవాబులు రాయించేస్తే ఒక పీరియడ్‌లో తేలిపోయేది. నేను ఊరుకోలేదు. ఈసారి పిల్లల మనసుకు తగలాలి అనుకున్నాను.

1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన మర్నాడు, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జేన్ ఎలియట్ అనే టీచరు మూడో తరగతి పిల్లల్ని కళ్ల రంగును బట్టి రెండుగా విడదీసి, ఒకసారి వీళ్లు గొప్ప, ఇంకోసారి వాళ్లు గొప్ప అని నడిపించిందని చదివాను. అలాంటిదే చేద్దామని ఆకుపచ్చ చీటీలు, పసుపు చీటీలు పంచాను. ఆకుపచ్చవాళ్లు ముందు బెంచీల్లో కూర్చోవచ్చు, ఎవర్నీ అడక్కుండా మంచినీళ్లకు వెళ్లొచ్చు. పసుపువాళ్లు వెనక నిలబడాలి, చెయ్యెత్తినా పిలవను. 20 నిమిషాలు ఆడాం. అల్లరి అయింది, ఒకరిద్దరికి కోపాలొచ్చాయి, అంతా నేననుకున్నట్టే జరిగింది.

తర్వాత చర్చలో చేశాను తప్పు. క్లాసులో కిందటేడు వేరే దేశం నుంచి వచ్చి చేరిన అమ్మాయి ఉంది. రంగు, జుట్టు, మాట యాస అన్నీ మిగతావాళ్లకు వేరు. చీటీల్లో తనకు పసుపే వచ్చింది. "నువ్వు చెప్పమ్మా, నీకు నిజంగా ఇలాంటివి జరిగాయా?" అన్నాను. 41 తలలు ఒక్కసారి తన వైపు తిరిగాయి. "లేదు మేడం" అంది. కూర్చోమని నేను అనకముందే కూర్చుంది.

మర్నాటి నుంచి నలుగురు మగపిల్లలు తనను "పసుపు చీటీ" అంటున్నారు. గట్టిగా అడిగితే "మీరు పెట్టిన ఆటే కదా మేడం" అన్నారు. నిన్న ఆ అమ్మాయి బడికి రాలేదు.

స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ "తిన్నగా ఉన్న క్లాసును అనవసరంగా కెలికావు" అంది. ఈ పాఠానికి ఇంకా రెండు పీరియడ్లున్నాయి. తనకు క్షమాపణ ఎలా చెప్పాలి, క్లాసులోనా, విడిగానా? ఆ నలుగురినీ ఏం చెయ్యాలి? పాఠం అక్కడితో వదిలెయ్యనా? టెన్షన్‌తో రెండు రోజులుగా నిద్ర లేదు.

చాక్‌పీసు (రిటైరయ్యాను):

అమ్మా, మీరొక సంగతి గమనించలేదు. ఎలియట్ క్లాసులో పిల్లలందరూ తెల్లవాళ్లే. కళ్ల రంగు మీద అంతకుముందు రోజు దాకా అక్కడ ఎవరికీ చిన్నచూపు లేదు. పాత్రలు మారాయి, ఆట అయిపోయాక అందరూ బయటికొచ్చేశారు. మీ క్లాసులో 41 మందికి అది ఆట. ఆ పిల్లకు గంట కొట్టాక కూడా ఆగనిది. ఆ మాటకొస్తే ఎలియట్ చేసింది కూడా సబబేనా అని వాదించేవాళ్లున్నారు. నా మటుకు నేను చీటీల ఆట ఏ క్లాసులోనూ వద్దంటాను.

క్షమాపణ ముందు విడిగా, రెండు ముక్కల్లో. "అందరి ముందు నిన్ను అలా అడిగి ఉండకూడదు. పొరపాటు నాది." అంతే. "నీకేమనిపించిందో చెప్పు" అని మళ్లీ మొదలుపెట్టకండి. మీ మనసు తేలిక చెయ్యడం ఆ పిల్ల పని కాదు. తర్వాత క్లాసులో, తన పేరెత్తకుండా, ఆ ఆట పెట్టడం నా తప్పు, అందులోని మాటలేవీ ఇక ఇక్కడ వినపడకూడదు అని చెప్పండి. ఇంటికి మీరే ఫోన్ చెయ్యండి, వాళ్లు చేసేదాకా ఆగకండి.

ఆ నలుగురినీ కలిపి పిలవకండి. గుంపులో ప్రతివాడూ హీరోనే, విడిగా పిలిస్తే తొమ్మిదో తరగతి పిల్లాడు. "సరదాకన్నాం" అంటారు. సరదానా కాదా అని వాదనకు దిగొద్దు. అన్న మాట, తేదీ వాళ్ల ఎదురుగానే రాసుకోండి. మళ్లీ అంటే హెడ్‌మాస్టర్ దగ్గరికీ ఇంటికీ వెళ్తుందని చెప్పండి, అన్నాక పంపండి. ఒక్కటి మాత్రం చెయ్యొద్దు, అందర్నీ నిలబెట్టి "సారీ చెప్పి చేతులు కలపండి" అనే తంతు. నేను పెట్టాను ఒకప్పుడు. ముందు చెయ్యి చాపింది బాధపడ్డ కుర్రాడు, నవ్వుకుంటూ పోయింది రెండోవాడు.

సరళరేఖ:

నాకైతే స్టాఫ్‌రూమ్‌లో ఆవిడ చెప్పిందే కరెక్టనిపిస్తోంది. పిల్లలకు రంగు, జాతి ఏమీ తెలియవు. మనమే పాఠం పేరుతో ఎక్కిస్తాం. అందరితో మంచిగా ఉండండి అంటే చాలదా?

జీవశాస్త్రం సార్:

సరళరేఖ గారూ, తెలియదనుకుంటే మనకు హాయి, అంతే. 1940ల్లో కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ అనే మనస్తత్వవేత్తల జంట మూడు నుంచి ఏడేళ్ల నల్లజాతి పిల్లల ముందు, రంగు తప్ప అన్నిటా ఒకేలా ఉన్న బొమ్మలు పెట్టింది. మంచి బొమ్మ ఏదంటే ఎక్కువమంది తెల్లబొమ్మనే చూపించారు. అంత చిన్న పిల్లలకు ఏ సోషల్ టీచరూ పాఠం చెప్పలేదు కదా.

మేడం, నావి కూడా రెండు పొరపాట్లు చెప్తాను, మీకు కాస్త ధైర్యంగా ఉంటుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ గురించి చక్కగా చెప్పాను. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి చర్మాన్ని కాపాడేది అదేనని, ఏ ఇద్దరు మనుషుల డీఎన్ఏ చూసినా దాదాపు 99.9 శాతం ఒకటేనని. పరీక్షలో అందరూ రాశారు. ఇంటర్వెల్‌లో వెక్కిరింపులు మాత్రం ఎక్కడివక్కడే.

ఇంకోసారి అతితెలివికి పోయి దక్షిణాఫ్రికా సంగతి ఎత్తాను. 1950లో వచ్చిన జనాభా నమోదు చట్టం ప్రతి మనిషికీ ఒక జాతి రాయాలంది. ఎవరిదైనా తేలకపోతే జుట్టులో పెన్సిల్ దూర్చి, జారి పడిందా, నిలిచిందా అని చూసేవాళ్లు. ఎంత అర్థంలేని పనో పిల్లలకు తెలుస్తుందనుకున్నాను. మర్నాడు ఉంగరాల జుట్టు కుర్రాడి వెనక పెన్సిళ్లు పట్టుకుని తిరిగారు. ఎలా అవమానించారో పూసగుచ్చినట్టు చెప్తే, కొందరికి అది కొత్త ఆట.

అప్పటి నుంచి నేను రూల్స్ వైపు నుంచి మొదలుపెడుతున్నాను. ఆ రూల్ ఎవరు రాశారు, ఎవరికి లాభం, చూస్తూ ఊరుకున్నది ఎవరు, ఎలా పోయింది. బాగా పనికొచ్చేది బ్రిస్టల్. 1963లో ఇంగ్లండ్‌లోని ఆ ఊళ్లో బస్సు కంపెనీ నల్లవాళ్లనూ ఆసియావాళ్లనూ కండక్టర్లుగా, డ్రైవర్లుగా తీసుకునేది కాదు. గై బెయిలీ అనే 18 ఏళ్ల కుర్రాడికి ఇంటర్వ్యూ ఖాయం చేసి, వెస్టిండీస్ వాడని తెలియగానే రద్దు చేశారు. జనం ఆ బస్సులెక్కడం మానేశారు. ఆగస్టు 28న కంపెనీ దిగొచ్చింది. సెప్టెంబరులో రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు కండక్టరుగా చేరాడు. ఇందులో చిక్కు ఏమిటంటే, అక్కడి యూనియన్ వాళ్లే 1955లో అలాంటివాళ్లు వద్దని తీర్మానం చేశారు. పైగా కంపెనీ చేసింది అప్పటి చట్టం ప్రకారం నేరం కాదు. ఉద్యోగాల్లో వివక్షను నిషేధిస్తూ చట్టం 1968లో గానీ రాలేదు.

దీన్ని ఐదు ముక్కలు చెయ్యండి: కంపెనీ, యూనియన్, ప్రయాణికులు, ఉద్యమం నడిపినవాళ్లు, చట్టం. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, తెల్ల, నల్ల పిల్లల్ని కొత్తగా కలిపిన బడుల్లో ఆరన్‌సన్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన పద్ధతి ఇది. క్లాసును ఐదుగురేసి గుంపులు చేస్తే, గుంపులో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్కే ఉంటుంది. పక్కవాడు చెప్పింది వినకపోతే తన పాఠం పూర్తి కాదు. ఎవరికి ఏ ముక్క వెళ్లాలో ముందే రాసిపెట్టుకోండి. ఆ నలుగురూ ఒక గుంపులో పడకూడదు.

చివరి బెంచి:

టీచర్ని కాను. ఒకప్పుడు ఆ అమ్మాయిలా కొత్త దేశంలో బడికి వెళ్లినవాణ్ణి. "మీ దేశంలో ఎలా ఉంటుంది?" అని టీచరు అడిగినప్పుడల్లా నేను ఒక దేశానికి రాయబారినైపోయేవాణ్ణి. నేనక్కడ ఉన్నది నాలుగేళ్లు, అదీ ఊహ తెలియని వయసులో. ఏదో ఒకటి కల్పించి చెప్పేవాణ్ణి.

ఒక్క లెక్కల సారే నన్ను లెక్కల గురించి అడిగేవాడు. తప్పు చేస్తే అందర్నీ తిట్టినట్టే తిట్టేవాడు. ఆ పీరియడ్ కోసం ఎదురుచూసేవాణ్ణి, నాకు లెక్కలు రాకపోయినా.

సోషల్ మేడం (పది రోజుల తర్వాత):

అందరికీ థాంక్స్. చాక్‌పీసు గారు చెప్పినట్టే చేశాను. ఫోన్ చేస్తే వాళ్లమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఈ పేరు కొత్తది, అంతకుముందు వేరే పేరుండేది" అంది. కిందటేడు నుంచీ ఉందట. ఒక్కరం కూడా కనిపెట్టలేదు. స్టాఫ్‌రూమ్‌లో ఆ సంగతి చెప్పాను, ఆవిడ ఏమీ అనలేదు.

నలుగురిలో ముగ్గురు మానేశారు. నాలుగోవాడు మళ్లీ అన్నాడు, వాళ్ల నాన్నను పిలిపించాం. వాడు నాతో ఇంకా ముభావంగానే ఉన్నాడు.

బ్రిస్టల్ పాఠం నిన్న చేశాం. ఆ అమ్మాయికి "చట్టం" ముక్క వెళ్లింది. తన గుంపులో మిగతా నలుగురూ నోట్సు రాసుకుంటుంటే చదివి వినిపించింది. ఒకడు "1968 కాదు, 63 కదా" అంటే కాగితం తిప్పి చూపించి "63లో చట్టమే లేదు, సరిగ్గా విను" అని కసిరింది. అప్పుడే ఆ గుంపులో ఇంకో పిల్ల చెయ్యెత్తి "చట్టం లేకపోతే మరి కంపెనీ చేసింది తప్పని ఎలా అంటాం మేడం?" అంది. గంట కొట్టేశారు. సోమవారం అక్కడి నుంచే మొదలుపెట్టాలి. బ్రిస్టల్ గురించి ఇంకేమైనా చదివించదగ్గవి ఉంటే చెప్పండి సార్.