ట్విన్ పీక్స్ అభిమానుల కలయిక: స్నోక్వాల్మీలో ఏమేం చూడవచ్చు?

ప్రశ్న: నేను అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బెల్‌వ్యూలో ఉంటున్నాను. ‘ట్విన్ పీక్స్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ అభిమానులు ఇదే రాష్ట్రంలోని స్నోక్వాల్మీ, నార్త్ బెండ్ ఊళ్లలో కలుసుకునే వేడుకకు తొలిసారి వెళ్లాలనుకుంటున్నాను. 1990 నాటి ఆ సీరియల్‌లో కనిపించిన చోట్లన్నీ ఒక్కరోజులో చూడడం సాధ్యమేనా?

జవాబు: అన్నీ సాధ్యం కాదండీ. సీరియల్‌లో కనిపించే 268 అడుగుల జలపాతం, దాని అంచున ఉన్న హోటల్ స్నోక్వాల్మీలోనే ఉన్నాయి కానీ, తొలి ఎపిసోడ్‌లో ఆ హోటల్ లోపలి భాగంగా చూపించిన చెక్క గోడల గదులూ, కథలో హత్యకు గురైన లారా అనే అమ్మాయి శవం ఏ దుంగ పక్కన కనిపించిందో ఆ దుంగా ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయకు అవతల, పౌల్స్‌బో అనే ఊరి దగ్గర ఉన్నాయి. వాటికి మరో రోజు కేటాయించుకోండి.

మరో జవాబు: సీరియల్‌లో పాత్రలు తరచూ కలుసుకునే కేఫ్‌గా కనిపించిన, నార్త్ బెండ్‌లోని ట్వీడ్స్ కేఫ్‌ను మాత్రం వదలకండి. 2000లో అగ్నిప్రమాదానికి గురైన ఆ కేఫ్ లోపలి భాగాన్ని, 2017లో ప్రసారమైన కొత్త సీజన్ చిత్రీకరణ కోసం 2015లో తిరిగి పాత రూపానికి తెచ్చారు. సీరియల్ కథానాయకుడికి ఇష్టమైన చెర్రీ పై (చెర్రీ పండ్లు నింపి కాల్చిన తీపి వంటకం), కాఫీ తప్పనిసరి. వేడుక రోజుల్లో రద్దీ ఉంటుంది కనుక పొద్దున్నే వెళ్లడం మేలు.

ఇంకో జవాబు: సీరియల్‌లో షెరీఫ్ కార్యాలయంగా కనిపించిన భవనంలో ఇప్పుడు ర్యాలీ డ్రైవింగ్ బడి నడుస్తోంది. ఇక వేషధారణ గురించి మొహమాటపడకండి. సీరియల్‌లోని ‘లాగ్ లేడీ’ పాత్రలా దుంగను చంటిబిడ్డలా ఎత్తుకున్నవారు అక్కడ మీకు ఎలాగూ ఎదురవుతారు.