69 ఏళ్ల నాన్న మందు మానాలంటే కౌన్సెలింగ్ పనిచేస్తుందా?

బొబ్బిలి_అబ్బాయి:
నాన్న జూట్ మిల్లులో చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం పండగకో పబ్బానికో తప్ప ముట్టలేదు. రెండేళ్ల కిందట అమ్మ పోయాక సాయంత్రం క్వార్టర్ మొదలైంది, ఇప్పుడు పొద్దున్నే చేతులు వణుకుతున్నాయని టీ కంటే ముందు అదే తాగుతున్నారు. నిద్రకని ఆల్ప్రాజోలం కూడా వేసుకుంటున్నారు. మొన్న పెరట్లో నూతి గట్టు దగ్గర పడ్డారు. సీసాలన్నీ పారబోసేద్దామనుకుంటున్నాను. పెదనాన్నేమో "ఈ వయసులో ఏటి మారతాడ్రా, ఒగ్గీ" అంటున్నారు. మాటలతో నిజంగా మానుతారా?

సిక్కోలు_సిస్టర్:
తమ్ముడూ, సీసాలు మాత్రం పారబోయకు. నేను నర్సుని, చూశాను కాబట్టి చెప్తున్నా. పొద్దున్నే వణుకు వచ్చేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మనుషుల్ని గుర్తుపట్టకుండా కలవరించొచ్చు, ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఆ నిద్రమాత్ర హఠాత్తుగా మానేసినా ఫిట్స్ రావచ్చు, అలాగని మందుతో కలిపి వేసుకుంటే ఊపిరి మందగిస్తుంది. అందుకే ఆలస్యం చేయకుండా సైకియాట్రీ డాక్టరుకి చూపించు, అవసరమైతే వార్డులో పెట్టి బి1 విటమిన్ ఇస్తూ మెల్లగా మాన్పిస్తారు. వయసు పైబడితే ఒంట్లో నీరు తగ్గుతుంది, అదే క్వార్టర్ ఇంకా గట్టిగా ఎక్కుతుంది. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446.

నెల్లిమర్ల_అమ్మాయి:
మా నాన్నకి అప్పుడు 71. కౌన్సెలర్ ఒక్కసారి కూడా "మానెయ్యండి" అనలేదు. బాగా వినపడే చెవి వైపు కుర్చీ జరుపుకుని కూర్చుని, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఏం చేస్తారని అడిగింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏటా పైడితల్లమ్మ పండక్కి విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నిలబడి సిరిమాను చూసేవాణ్ణమ్మా, కిందటేడు కాళ్లు నిలవలేదు" అన్నారు. ఆ మాటే పట్టుకుంది ఆవిడ. మానడానికి కారణం మనం చెప్పకూడదట, ఆయన నోటి నుంచే రావాలట. విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983లో రాసిన పద్ధతి అది. తర్వాత ఏ వేళకి తాగాలనిపిస్తోందో, అప్పుడు మనసులో ఏముందో పెద్ద అక్షరాలతో నోట్‌బుక్‌లో రాయించింది. చెప్పిందే మళ్లీ చెప్పేది, తొందరపెట్టేది కాదు. అమ్మ సంవత్సరీకం వారంలో మళ్లీ తాగారు. నేను అరిచాను, ఆవిడ అరవలేదు, వచ్చే ఏడాది ఆ రోజుకి ఎవరెవరు ఇంట్లో ఉండాలో అప్పుడే రాసిపెట్టించింది. ముసలాళ్లు మారరన్నది ఒట్టి మాట. వాళ్లతో కూర్చునేవాళ్లు లేకపోవడమే అసలు బాధ.

బొబ్బిలి_అబ్బాయి:
14416కి చేశాను. మంగళవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. రాత్రి నేనూ అడిగాను, సాయంత్రం ఏమనిపిస్తోంది నాన్నా అని. "ఆరయ్యేసరికి మీ అమ్మ కళ్లాపి జల్లి కేకేసేది, ఇప్పుడు ఎవరు పిలుస్తారు" అన్నారు. రెండేళ్లలో అమ్మ మాట ఎత్తడం ఇదే మొదటిసారి.